“లేదు” అను ఫలితమును చెప్పవలసిన విధము

రోగము కలవానికి రోగమున్నదని చెప్పుట కష్టమైన పని యని యందరు నెరుగుదురు. అందులకై వైద్యులు శిక్షణ పొందుదురు. రోగిని కూర్చుండబెట్టి, వెంట వచ్చిన వారిని పిలిచి, మెల్లగా చెప్పుదురు. ఆరోగ్యవంతునికి “నీకు లేదు” అని చెప్పుట మాత్రము పనియే కాదని మనవారి తలంపు. కాగితము చేతిలో బెట్టి పొమ్మందురు. లేదా యదియు నీయక యూరకుందురు. ఈ మాసము మేము సభ్యులకు విన్నవింపదలచినది ఈ రెండవ దానిని గూర్చియే. తల్లిదండ్రుల నుండి బిడ్డలకు సంక్రమించు దోషములను కనిపెట్టు రక్తపరీక్షలు నేడు పల్లెలకు వచ్చినవి. పరీక్షింపబడిన వారిలో మిక్కిలి పెద్దభాగమునకు వచ్చు సమాధానము “లేదు” అనునదే. ఇందరికి చెప్పవలసిన మాట యగుటచేతనే దానిని తేలికగా నెంచరాదు.

2023వ సంవత్సరము జూలై 1వ తేదీన మధ్యప్రదేశములోని షాహ్‌డోల్ నందు ప్రధానమంత్రి సికిల్ సెల్ వ్యాధి నిర్మూలన కార్యక్రమమును ప్రారంభించిరి. నలువది యేండ్ల లోపు వారిలో 7 కోట్ల మందిని పరీక్షింపవలెననియు, 2047 నాటికి వ్యాధిని తుదముట్టింపవలెననియు సంకల్పము. తెలంగాణము, ఆంధ్రప్రదేశము రెండును ఇందు చేరినవి. ఎర్రని రక్తకణము గుండ్రముగా నుండక కొడవలి వలె వంగిపోవుట ఈ వ్యాధి లక్షణము. కొడవలి మన చేతి పనిముట్టే గనుక దాని వంపును రైతునకు వివరింప నక్కరలేదు. ఆ వంపు తిరిగిన కణములు సన్నని రక్తనాళములలో చిక్కుకొని భరింపరాని నొప్పులు కలిగించును. ఆదిలాబాదు గోండు గూడెములలోను, భద్రాచలము వైపు కోయ పల్లెలలోను ఈ వ్యాధి చిరకాలముగా నున్నది.

చంపాపేటలో నుండు మనకు ఇది దూరపు సంగతి కాదా యని కొందరడుగవచ్చును. చంపాపేట యొకప్పుడు సరూరునగరు మండలములోని గ్రామము. నేడది హైదరాబాదు నగరములో కలిసిపోయినది. పొలముల స్థానమున ఇండ్లు లేచినవి. అయినను ఇచ్చట కాపురమున్న కుటుంబములు పలువిధముల పల్లెతో ముడిపడియే యున్నవి. ఒకరికి ఇబ్రహీంపట్నము వైపు భూమి, వేరొకరికి యాచారము వైపు వియ్యంకులు. ఊరి బంధువులు పట్నపు ఆసుపత్రికి వచ్చినప్పుడు దిగునది ఈ యిండ్లలోనే. వారు తెచ్చిన పరీక్షా పత్రమును మొదట చదువునది వైద్యుడు కాడు, ఆ యింటిలో కాలేజీకి పోవు పిల్లవాడు. అతడు అందులో “నెగెటివ్” అను మాట యొక్కటి చూచి, “ఏమీ లేదు పెదనాన్నా” అనును. వంటింటిలోని వారు వినగలిగినంత బిగ్గరగా అనును. అంతటితో విచారణ ముగియును, పత్రము పాసు పుస్తకముల క్రింద చేరును.

మేము తప్పు పట్టునది ఆ పిల్లవాని ప్రేమను కాదు, ఆ వాక్యమును. పత్రము చెప్పినది “అది లేదు” అని. అతడు చదివినది “ఏమీ లేదు” అని.

భూమి కొనిన ప్రతి రైతునకు ఈ భేదము వేరొక రూపమున పరిచితమే. భూమి కొనబోవు నప్పుడు రిజిస్ట్రేషను ఆఫీసునుండి ఈసీ తీయింతుము. పదమూడేండ్లకు గాని, ముప్పదియేండ్లకు గాని వెదకించి, ఏ తాకట్టును లేదని “నిల్” అను పత్రము పుచ్చుకొందుము. ఆ పత్రము నిజమే. కాని అది రిజిస్టరు కాని ఒప్పందమును చూపదు. వెదకిన యేండ్లకు ముందు జరిగిన దానిని చూపదు. అన్నదమ్ముల నోటిమాట తగవును చూపదు. నిల్ ఈసీని చూచి కన్నులు మూసికొని బయానా ఇచ్చి చెడినవారు ఏ గ్రామములో లేరు? ఎరిగిన రైతు ఈసీని చేతబట్టుకొని, “ఎన్నియేండ్లకు తీసినారు? ఏ సర్వే నంబరుకు?” అని యడుగును. రక్తపరీక్ష పత్రమును పట్టుకొని యడుగవలసిన ప్రశ్నలును ఇట్టివే. దేనికై వెదకిరి? ఏ సాధనముతో వెదకిరి? ఏది వెదకలేదు?

సికిల్ సెల్ విషయముననే దీనిని చూతము. ప్రతి మనిషికి రక్తపు ఎరుపునకు సంబంధించిన ఈ జన్యువు రెండు ప్రతులుగా నుండును. ఒకటి తండ్రిది, ఒకటి తల్లిది. రెండును దోషము గలవైన రోగము వచ్చును. ఒకటి దోషముతోను ఒకటి మంచిదిగాను ఉన్న మనిషి సాధారణముగా ఆరోగ్యముగానే యుండి, పొలము పని చేసికొని, ముసలివాడగును. కాని ఆ దోషమును బిడ్డలకు పంచగలడు. అట్టివానిని వాహకుడందురు. ఇద్దరు వాహకులు పెండ్లి చేసికొన్నచో, పుట్టు ప్రతి బిడ్డకును నాలుగింట ఒక వంతు రోగభయము, రెండు వంతులు వాహకత్వము, ఒక వంతు ఏ దోషమును లేకుండుట. ఇది ప్రతి కాన్పునకు వేరువేరుగా వర్తించును. మొదటి బిడ్డకు రోగము వచ్చినంత మాత్రమున తరువాతి ముగ్గురు తప్పించుకొందురని కాదు.

గ్రామ శిబిరములలో మొదట చేయు పరీక్షలలో ఒకటి మిక్కిలి సులభమైనది. గాజు గొట్టములోని మందునీటిలో రక్తపు చుక్క కలిపి, వెనుక నల్లగీతలు గీసిన కాగితమును పెట్టుదురు. గీతలు కనబడిన “లేదు”, మసకబారి కనబడకున్న “ఉన్నది”. చవుకైనది, వేగమైనది, వేలమందికి చేయదగినది. అయితే ఈ గొట్టము కొడవలి దోషమును మాత్రమే యడుగును. బీటా తలసీమియా అను వేరొక దోషము ఆ మనిషిలో వాహకరూపమున నున్నను ఈ పరీక్ష దానిని చూడజాలదు. గీతలు నిర్మలముగా కనబడుచునే యుండును.

ఇందు వచ్చు చిక్కు మాటలాడుటకు చిన్నది, కాపురమునకు పెద్దది. వధువు సికిల్ వాహకురాలని తేలినదనుకొందము. వరునికి గొట్టపు పరీక్ష చేసి “లేదు” అనిరి. పెద్దలు సంతసించి ముహూర్తము పెట్టిరి. వరుడు నిజముగా ఏ దోషమును లేనివాడైనచో వారి సంతసము సరియైనదే. బిడ్డలలో సగము మందికి వాహకత్వము రావచ్చును గాని రోగము రాదు. వరుడు తలసీమియా వాహకుడైనచో నాలుగింట ఒక వంతు బిడ్డకు రెండు దోషములును కలిసి వచ్చి, సికిల్ రోగమును బోలిన రోగమే పట్టుకొనును. ఆ వరునికి చెప్పిన “లేదు” అను మాటలో అబద్ధము లేదు. చెప్పక విడిచిన దానిలోనే కీడు దాగినది. కావున పెండ్లి యోచన గలవారును, భార్యాభర్తలలో ఒకరు వాహకులుగా తేలినవారును, గొట్టపు పరీక్షతో నిలిచిపోక, హెచ్.పి.ఎల్.సి. యను యంత్ర పరీక్షను చేయించుకొనవలెను. అది రక్తములోని హెమోగ్లోబిన్ రకములను విడదీసి కొలుచును. దానికిని రెండు మెలకువలు కలవు. గడచిన మూడు మాసములలో పరుల రక్తము ఎక్కించుకొన్నవారికి ఆ పరీక్ష దాత రక్తమును గూడ చూపి తికమక పెట్టును. ఇనుము లోపించిన రక్తహీనత యున్నచో తలసీమియా గుర్తు అణగి కనబడకపోవచ్చును. ఈ రెంటిని పరీక్షకుడు ముందుగా అడిగి తెలిసికొనవలెను. అడుగకున్న మనమే చెప్పవలెను.

మేనరికపు మాట యిక్కడ వచ్చును. మన కుటుంబములలో మేనమామ కూతురిని, అక్క కూతురిని చేసికొను నాచారము తగ్గినది గాని పోలేదు. ఇటీవల మేము వినుచున్న వాదమేమనగా, “ఇద్దరికి రక్తపరీక్ష చేయించితిమి, ఏమీ లేదన్నారు, ఇంక మేనరికమునకు భయమేమి?” యని. ఇది సరియైన వాదము కాదు. మేనత్త మేనమామ బిడ్డల జన్యువులలో ఎనిమిదింట ఒక భాగము ఒకే పూర్వుల నుండి వచ్చినదై యుండును. మేనమామకును మేనకోడలికిని నాలుగింట ఒక భాగము. ఆ భాగములో అరుదైన దోషములు ఎన్ని కలవో, వెదకిన ఒకటి రెండు దోషముల పరీక్ష చెప్పజాలదు. మేనరికమును గూర్చి నిర్ణయింపదలచిన వారికి వైద్యుడు అడుగు మొదటి ప్రశ్న రక్తము గూర్చినది కాదు. మూడు తరములలో చిన్నతనమున పోయిన పిల్లలు, చెవిటి మూగ పిల్లలు, ఎదుగని పిల్లలు ఉన్నారా యనునది. ఆ ప్రశ్నకు సమాధానము అమ్మమ్మ యొద్ద నుండును, ప్రయోగశాలలో నుండదు.

“లేదు” అను ఫలితము పెండ్లి సంతలో ఏమి చేయునో గ్రీసు దేశములోని ఒక పల్లె కథ చెప్పును. ఒర్ఖొమెనోస్ అను ఆ వ్యవసాయ గ్రామమున సికిల్ దోషము విస్తారము. వైద్యులు ఊరందరిని పరీక్షించి, వాహకులు పరస్పరము పెండ్లాడరాదని బోధించిరి. కొన్నియేండ్ల తరువాత స్టమటోయన్నోపౌలోస్ అను శాస్త్రజ్ఞుడు మరల పోయి చూచి, తాను చూచినదానిని 1970 తరువాతి యేండ్లలో ప్రకటించెను. వాహకులు చిన్నచూపునకు గురియైరి. కొందరు తమ ఫలితమును దాచి పెండ్లి చేసికొనిరి. కొన్ని నిశ్చయములు చెడినవి.  ఇంత జరిగియు వాహకులు వాహకులను పెండ్లాడుట తగ్గవలసినట్లు తగ్గలేదు. పరీక్ష చేసినవారి ఉద్దేశము మంచిదే. రక్తమును గూర్చి చెప్పిరి గాని, వాహకుడు రోగి కాడనియు, లేనివాడు అందువలన గొప్పవాడు కాడనియు ఊరికి తగినట్లు నాటుకొనునట్లు చెప్పలేకపోయిరి.

మన పల్లెలో పెండ్లిండ్ల మధ్యవర్తి “మా పిల్లవానిది శుద్ధమైన రక్తము, కార్డు గూడ ఉన్నది” అని చెప్పు దినము రాకూడదని మా కోరిక. అందువలన శిబిరములో ఫలితములను రచ్చబండ యొద్ద బిగ్గరగా చదువుట, పట్టిక వ్రాసి గోడకంటించుట వలదని మేము గట్టిగా చెప్పుచున్నాము. లేనివారి పేర్లు చదివినచో, చదువని పేర్లు ఎవరివో ఊరంతయు నిమిషములో లెక్కకట్టును. “లేదు” అను మాటను గూడ ఒంటరిగానే చెప్పవలెననుటకు ఇదే కారణము.

పట్నములో “లేదు” వేరొక దారిని వచ్చుచున్నది. చంపాపేట, సరూరునగరు, దిల్‌సుఖ్‌నగరు ప్రాంతపు ఇండ్లలో పిల్లలు అమెరికాలో నుండుట వింత కాదు. అచ్చట ఉమ్మిని గొట్టములో పోసి తపాలాలో పంపిన జన్యు పరీక్ష చేసి పంపు వ్యాపారము కలదు. 2018 మార్చిలో ఆ దేశపు మందుల నియంత్రణ శాఖ, ట్వెంటీత్రీ అండ్ మీ యను కంపెనీ రొమ్ము క్యాన్సరు సంబంధమైన బి.ఆర్.సి.ఎ. జన్యువులలో మూడు మార్పులను గూర్చి తిన్నగా ప్రజలకు ఫలితమిచ్చుటకు అనుమతించెను. ఆ మూడును ముఖ్యముగా అష్కెనాజీ యూదులలో కనబడునవి. ఈ జన్యువులలో తెలిసిన హానికర మార్పులు వేయికి మించి యున్నవనియు, మూడింటిలో లేదన్న మాత్రమున అపాయము లేదని యనుకొనరాదనియు ఆ శాఖయే యప్పుడు హెచ్చరించినది. నల్గొండ జిల్లా నుండి పోయిన తెలుగు యువతికి ఆ మూడు మార్పులు లేవనుట, పత్తి చేనిలో కొబ్బరి పురుగు లేదనుట వంటిది. చెప్పినది నిజమే, చేనికి వచ్చిన లాభము స్వల్పము. ఆ యువతి ఇంటికి ఫోను చేసి “అమ్మా, నాకు క్యాన్సరు లేదట” యన్నచో తల్లి సంతోషింపకుండునా? సంతోషించి, తన రొమ్ములోని గడ్డను చూపించుకొనుట మానుకొన్నచో?

ఈ విషయమున వైద్యులు రెండు విధములైన “లేదు”లను వేరుపరచుదురు. ఇంటిలో క్యాన్సరు వచ్చిన తల్లిని ముందు పరీక్షించి, ఆమెలో ఫలానా మార్పు కలదని కనిపెట్టి, పిమ్మట కూతురిలో అదే మార్పునకై వెదకి లేదన్నచో, అది నమ్మదగిన “లేదు”. ఆ కూతురికి కుటుంబపు విశేష భయము తొలగినది. తక్కిన స్త్రీలందరికి నుండు సామాన్య భయము మాత్రము మిగిలినది. తల్లిని పరీక్షింపకయే కూతురిని పరీక్షించి లేదన్నచో, అది సగము సమాధానమే. దొంగ ఎవరో తెలియక ఒక్క సందులో వెదకి, దొరకలేదని కాపలా తీసివేసినట్లుండును. రొమ్ము క్యాన్సరులలో వంశపారంపర్యమైనవి నూటికి 5 నుండి 10 వరకే. తక్కినవి ఏ జన్యు పరీక్షలోను ముందుగా కనబడవు. ముప్పది యేండ్లు నిండినవారికి ప్రభుత్వము చేయు రొమ్ము, గర్భాశయ ముఖము, నోటి పరీక్షలు జన్యు పత్రము ఏమి చెప్పినను మానరానివి.

గుండెను గూర్చి ఒక మాట. హబ్సిగూడలోని సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు కుమారస్వామి తంగరాజు గారును, వారి సహచరులును గుండె కండరపు జన్యువులో 25 అక్షరముల లోపము నొకదానిని కనిపెట్టి 2009లో ప్రకటించిరి. అది మన ఉపఖండపు జనులలో నూటికి నలుగురికి కలదు; ఉన్నవారికి ముదిమిలో గుండె బలహీనమగు భయము హెచ్చు. ఇది మన నేలమీద జరిగిన గొప్ప పరిశోధన. అయితే ఈ లోపము లేని తొంబదియారుగురు బీడీ త్రాగవచ్చునని దాని యర్థము కాదు. రక్తపుపోటు, మధుమేహము, పొగాకు ఆ జన్యువు అనుమతి నడుగక గుండెను చెరచును.

మనస్సు సంగతిని గూడ విడువరాదు. లేదన్న మాట విన్నవాడు సంతోషించునని మనము తలంతుము. పెక్కుమంది సంతోషింతురు గూడ. అమెరికాలో తల్లికో తండ్రికో ఆల్జైమర్ మతిమరపు వచ్చిన 162 మంది ఆరోగ్యవంతులకు దాని సంబంధమైన జన్యు ఫలితమును చెప్పియో చెప్పకయో చూచి 2009లో ప్రకటించిన పరిశోధనలో, లేదని విన్నవారి పరీక్షా సంబంధమైన దిగులు తక్కువగా నున్నట్లు తేలినది. కాని హంటింగ్టన్ వ్యాధి యను ఘోరమైన నరముల జబ్బు గల కుటుంబములలో వేరొకటి కనబడినది. 1993లో ఆ జన్యువు దొరికిన పిదప రూఢిగా చెప్పుట సాధ్యమయ్యెను. అంతకు ముందును అంచనా పరీక్షలు జరుగుచుండెను. లేదని విన్న కొందరు అన్నకు వచ్చి తనకు రానందులకు సిగ్గుపడిరి. కొందరు ఎట్లును చనిపోవుదుము గదా యని ఆస్తి అమ్ముకొని, చదువు మానుకొని, ఇప్పుడు నలువదియేండ్ల జీవితము ముందు నిలిచినదని దిగ్భ్రమ చెందిరి. ఒకే తల్లి బిడ్డలలో ఒకనికి ఉండి ఒకనికి లేనప్పుడు, లేనివానికి చెప్పువారు “అదృష్టవంతుడవు” అను మాట వాడకుండుట మేలు. ప్రక్క గదిలో నున్న తమ్మునికి ఆ మాట ఎట్లు వినబడునో తలచుకొనవలెను.

మరి చెప్పవలసిన తీరు ఎట్టిది? ఆశా కార్యకర్త ఒక రైతు ఇంటికి పోయి చెప్పినచో ఇట్లుండవలెనని మా యూహ.

“పెద్దయ్యా, మీ కొడుకు పరీక్ష వచ్చింది. కొడవలి కణం దోషం అతనికి లేదు.”

“అంటే ఇంక ఏ రోగం రాదన్నట్టే గదా బిడ్డా?”

“కాదు పెద్దయ్యా. ఆ ఒక్క దోషం లేదు. అది పుట్టుకతో వచ్చేది కనుక, ఇప్పుడు లేదంటే ముందు ముందు రాదు. మళ్లీ మళ్లీ దానికి పరీక్ష అవసరం లేదు. తలసీమియా అని ఇంకొకటి ఉంది. ఈ పరీక్షలో అది చూడలేదు. పెండ్లి మాట వచ్చినప్పుడు దానికి వేరే పరీక్ష చేయించండి.”

“చిన్నోడికి గూడ లేనట్టేనా?”

“అతనిది అతనికే. అన్నకు లేదంటే తమ్మునికి లేదని కాదు. నేను చెప్పింది ఏమిటో మీరొకసారి చెప్పండి పెద్దయ్యా.”

ఆ కడపటి మాట మాకు మిక్కిలి ముఖ్యముగా తోచుచున్నది. విన్నవాడు తిరిగి చెప్పినప్పుడే, చెప్పినది చేరినదో లేదో తెలియును. ఇంతయు అయిదు నిమిషముల పని. వేలమంది కొరకు అయిదేసి నిమిషములెక్కడివని శిబిరపు వారందురు. అది న్యాయమైన కష్టమే. కార్యకర్తలకు తీరిక లేనిచోట మన సంఘములు సాయపడవచ్చును. ముద్రించిన చీటీలో పరీక్ష పేరు, తేది, ఏది చూచిరి, ఏది చూడలేదు అను నాలుగు పంక్తులు తెలుగులో వేయించి యిచ్చుట మన శక్తికి మించినది కాదు.

అసలు ఫలితమే రానిచో? “చెప్పలేదంటే లేనట్లే” అని పల్లెలో సామెతవలె చెప్పుకొందురు. ఇది ప్రమాదకరమైన లెక్క. సీసా పగిలి యుండవచ్చును, పేరు మారి యుండవచ్చును, మీ యూరి పెట్టె ఇంకను తెరువబడకుండ నుండవచ్చును. విత్తన పరీక్షకు పంపిన సంచికి జవాబు రాకున్న, మొలక బాగున్నదని యెవడైనను విత్తునా? మాసము దాటినను పత్రము రానివారు ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పోయి తమ పేరు చూపించి అడుగవలెను.

వచ్చిన పత్రమును మాత్రము పారవేయకుడు. ఈ ఫలితము ఎరువుల రసీదు వలె యేడాదికి చెల్లునది కాదు. పెండ్లి నాడు, కోడలు గర్భిణియైన నాడు మరల అక్కరకు వచ్చును. యంత్ర పరీక్షకు, తలసీమియా సలహాకు శివరాంపల్లిలోని తలసీమియా అండ్ సికిల్ సెల్ సొసైటీ 1998 నుండి పని చేయుచున్నది. అరుదైన వంశపారంపర్య వ్యాధులను గూర్చి ఉప్పలులోని సి.డి.ఎఫ్.డి. వంటి సంస్థలలో పరీక్షలు జరుగును. చంపాపేట వారికి ఎల్.బి. నగరు, నాగోలు మీదుగా దారి. పోవునప్పుడు ఇంటిలోని పాత పత్రములన్నియు, ఏ తరములో ఎవరు ఏ జబ్బుతో పోయిరో పెద్దలనడిగి వ్రాసికొన్న కాగితమును వెంట గొనిపోవలెను.